నాటోలో ఉంటూనే నాటోతో బేరం: టర్కీ లెక్క ఏమిటి?

ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన నాలుగో రోజు, 2022 ఫిబ్రవరి 27న, టర్కీ విదేశాంగ మంత్రి మెవ్లుత్ చావుషోగ్లు జరుగుతున్నది యుద్ధమేనని తేల్చి చెప్పారు. బాంబులు పడుతుంటే యుద్ధమనక ఇంకేమంటారు అనిపిస్తుంది. కానీ మాస్కో అప్పటికి ఆ మాట ఒప్పుకోవడం లేదు. అది ‘ప్రత్యేక సైనిక చర్య’ మాత్రమేనని వాదిస్తోంది. టర్కీ యుద్ధమని గుర్తించడంతో 1936 నాటి మాంట్రో ఒప్పందంలోని 19వ అధికరణం నిద్ర లేచింది. మర్నాటికల్లా బోస్ఫరస్, డార్డనెల్స్ జలసంధులు యుద్ధనౌకలకు మూసుకుపోయాయి.

నల్లసముద్రం నుంచి మధ్యధరా సముద్రానికి నౌకలు రావాలంటే ఈ దారి తప్ప మరోటి లేదు. బోస్ఫరస్ ఇస్తాంబుల్ నగరం నడిబొడ్డున పారుతుంది. పొడవు 30 కిలోమీటర్ల పైచిలుకు. బాగా ఇరుకైన చోట వెడల్పు ముప్పావు కిలోమీటరు కూడా ఉండదు. ఒడ్డున కూర్చుని టీ తాగేవాళ్ల కళ్ల ముందే చమురు ట్యాంకర్లు, ధాన్యం ఓడలు, అప్పుడప్పుడు జలాంతర్గాములు కూడా సాగిపోతుంటాయి. జలాంతర్గాములు పగటిపూట, నీటిపైకి తేలి మాత్రమే దాటాలన్నది ఒప్పందంలోని షరతు. ఎవరి నౌకాదళం ఎటు వెళ్తోందో ఇక్కడ దాచడం కుదరదు.

మాంట్రో నిబంధనలు కాస్త చిక్కుగా ఉంటాయి గానీ సారం ఇది. వాణిజ్య నౌకలకు శాంతికాలంలో అడ్డు లేదు. నల్లసముద్రం ఒడ్డున లేని దేశాలు, అంటే అమెరికా, బ్రిటన్ వంటివి, యుద్ధనౌకలను పంపాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. లోపలికి వెళ్లాక 21 రోజులకు మించి ఉండకూడదు. వాటి మొత్తం టన్నేజీకి కూడా ఒక హద్దు ఉంది. మామూలుగా అది 30,000 టన్నులు, గరిష్ఠంగా 45,000. ఒక పెద్ద విమానవాహక నౌక ఈ లెక్కలో ఇమడదు. ఇక యుద్ధం వచ్చి టర్కీ అందులో లేకపోతే, పోరాడుతున్న దేశాల యుద్ధనౌకలకు దారి బంద్. సొంత స్థావరానికి తిరిగి వెళ్లేవాటికే మినహాయింపు.

దీని ప్రభావం ఏప్రిల్ 14న తెలిసొచ్చింది. రష్యా నల్లసముద్ర నౌకాదళానికి పతాక నౌక అయిన ‘మాస్క్వా’ను ఉక్రెయిన్ క్షిపణులతో ముంచింది. అదే తరగతికి చెందిన రెండు రష్యన్ క్రూయిజర్లు, ‘వర్యాగ్’, ‘మార్షల్ ఉస్తినోవ్’, యుద్ధం మొదలయ్యే నాటికి మధ్యధరాలోనే ఉన్నాయి. పోయిన నౌక స్థానంలోకి వాటిని పంపుదామంటే తలుపు మూసేసి ఉంది. ఉక్రెయిన్ ఆ తర్వాత ఒక్కొక్క రష్యన్ నౌకనూ దెబ్బతీస్తూ పోయింది గానీ, పోయినవాటి బదులు కొత్తవి పెద్దవి తెచ్చుకునే మార్గం మాస్కోకు లేకపోయింది. ఉక్రెయిన్‌కు అందిన సాయాల జాబితాలో ఈ తలుపు పేరు ఎవరూ రాయరు. నా దృష్టిలో అది పై వరుసలో ఉండాల్సింది.

అయితే అదే తలుపు అవతలివైపు కూడా మూసుకుంది. ఉక్రెయిన్‌కు బ్రిటన్ రెండు మందుపాతరల ఏరివేత నౌకలు ఇచ్చింది. యుద్ధం నడుస్తున్నంతకాలం వాటినీ దాటనివ్వబోమని 2024 జనవరిలో టర్కీ రాజధాని అంకారా తేల్చేసింది. నాటో సైనిక కూటమి సభ్యదేశం ఇచ్చిన నౌకలను మరో నాటో సభ్యదేశం ఆపేసింది. నల్లసముద్రంలోకి నాటో నౌకలు గుంపులుగా రాకూడదనే రష్యా కోరుకుంటుంది కాబట్టి, మాస్కోకు ఇది నచ్చే నిర్ణయమే. టర్కీ మొత్తం విధానాన్ని ఈ ఒక్క ఉదంతంలో చూడొచ్చు.

పిల్లి దూకదు

టర్కీ గురించి తరచూ వినబడే మాట, అది గోడ మీద పిల్లి అని. నాటోలో ఉంటుంది, రష్యా దగ్గర క్షిపణులు కొంటుంది. ఉక్రెయిన్‌కు డ్రోన్లు అమ్ముతుంది, రష్యాపై ఆంక్షలు మాత్రం పెట్టదు. బ్రిక్స్ తలుపు తడుతుంది, ఐరోపా సమాఖ్యలో సభ్యత్వ దరఖాస్తునూ వెనక్కి తీసుకోదు. పైకి చూస్తే ఆ మాట సరిపోయినట్టే ఉంటుంది. కానీ పిల్లివాటం అంటే చివరికి ఎటో ఒకవైపు దూకడానికి అదను చూడటం. టర్కీకి దూకే ఉద్దేశం ఉన్నట్టు నాకు కనిపించదు. గోడ మీద ఉన్నంతకాలమే దానికి విలువ.

ఒక్కసారి తిరగేసి చూడండి. టర్కీ రేపు నాటో నుంచి తప్పుకుందనుకుందాం. కొత్త సభ్యులను అడ్డుకునే వీటో పోతుంది. పాశ్చాత్య దేశాలు బతిమాలాల్సిన అవసరమూ పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, పుతిన్‌కు టర్కీ మీద ఉన్న ఆసక్తి సగానికి పడిపోతుంది. ఆయనకు పనికొచ్చేది నాటో లోపల ఉండి నాటోతో పేచీ పడే టర్కీ. బయటకొచ్చిన టర్కీ ఆయనకు నల్లసముద్రంలో పాత పోటీదారు మాత్రమే. ఒట్టోమన్ల కాలం నుంచి ఈ రెండు రాజ్యాలు పదిసార్లకు పైగా యుద్ధం చేసుకున్నాయి. అందుకే అంకారా ఎంత అలిగినా ఇల్లు విడిచి పోదు. ఆ అలకకు ధర పలికేది ఇంట్లో ఉన్నప్పుడే.

అపనమ్మకం ఇవాళ్టిది కాదు

రెండో ప్రపంచయుద్ధం ముగియగానే స్టాలిన్ జలసంధుల దగ్గర తనకు స్థావరాలు కావాలన్నాడు. తూర్పున కార్స్, అర్దహాన్ ప్రాంతాల మీద కూడా కన్నేశాడు. ఆ భయమే టర్కీని అమెరికా వైపు నెట్టింది. 1947లో ట్రూమన్ ప్రకటించిన సాయంలో గ్రీసుతో పాటు టర్కీ కూడా ఉంది. 1950లో కొరియా యుద్ధానికి సుమారు 5,000 మందితో ఒక బ్రిగేడ్‌ను పంపి తన నిబద్ధతను రుజువు చేసుకుంది. 1952 ఫిబ్రవరిలో నాటోలో చేరింది.

పదేళ్లు తిరిగేసరికి మొదటి దెబ్బ తగిలింది. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం ముగిసిన తీరు చాలామందికి సగమే గుర్తుంటుంది. క్యూబాలోని క్షిపణులను సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తీసుకున్నాడు, నిజమే. బదులుగా టర్కీలో ఇజ్మీర్ చుట్టుపక్కల మోహరించిన 15 జూపిటర్ క్షిపణులను తొలగిస్తామని కెనడీ రహస్యంగా మాటిచ్చారు. టర్కీని అడగలేదు, చెప్పనూ లేదు. మరుసటి ఏడాది వాటిని తీసుకుపోయారు.

రెండోది ఇంకా గట్టిది. 1964లో సైప్రస్‌లోని టర్కుల రక్షణకు సైన్యాన్ని దించాలని అంకారా అనుకుంటుండగా అమెరికా అధ్యక్షుడు జాన్సన్ నుంచి ప్రధాని ఇస్మెత్ ఇనోనూకు ఒక లేఖ వచ్చింది. మీరు దిగితే, దాని వల్ల సోవియట్లు మీ మీదకు వస్తే, నాటో మిమ్మల్ని కాపాడాల్సిన బాధ్యత ఉందో లేదో మేం ఆలోచించుకోవాలి అన్నది దాని సారాంశం. అమెరికా ఇచ్చిన ఆయుధాలను ఆ పనికి వాడరాదని కూడా అందులో ఉంది. టర్కీ దౌత్యవేత్తలకు ఆ లేఖ ఇప్పటికీ మానని గాయం. 1974లో టర్కీ సైప్రస్‌లో దిగనే దిగింది. 1975 ఫిబ్రవరి నుంచి 1978 దాకా అమెరికా ఆయుధాల సరఫరా ఆపేసింది.

ఆ మూడున్నరేళ్లలో నేర్చుకున్న పాఠం ఒకటే. ఇతరుల ఆయుధాలతో పోరాడేవాడికి ఇతరుల అనుమతి కూడా కావాలి. సైనిక రేడియోల కోసం ‘అసెల్సాన్’ సంస్థ పుట్టింది 1975లోనే. ఇవాళ టర్కీ డ్రోన్ల గురించి రాసేవాళ్లంతా కథను ప్రస్తుత అధ్యక్షుడు ఎర్డోగన్‌తో మొదలుపెడతారు గానీ, దాని వేళ్లు ఆ ఆంక్షల్లో ఉన్నాయి. ఎర్డోగన్ లేకపోయినా ఈ దారి ఇలాగే ఉండేదా అంటే, వేగం తగ్గేదేమో, దిక్కు మారేది కాదనుకుంటాను. 2003 మార్చి 1న ఇరాక్ మీదకు వెళ్లే అమెరికా సైన్యానికి దారి ఇచ్చే తీర్మానానికి టర్కీ పార్లమెంటులో 264 మంది అనుకూలంగా, 250 మంది వ్యతిరేకంగా ఓటేశారు. 19 మంది తటస్థంగా ఉండటంతో హాజరైనవారిలో మెజారిటీ రాక అది వీగిపోయింది. ఎర్డోగన్ అప్పటికి ప్రధాని కూడా కాలేదు. ఆయన పార్టీ నాయకత్వం తీర్మానాన్ని నెగ్గించాలనే చూసింది.

ముర్తెద్‌లో దిగిన పెట్టెలు

పాశ్చాత్య దేశాలతో బంధం నిజంగా పగిలింది రష్యా గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ ఎస్-400 దగ్గర. ఇది కేవలం ఒక కొనుగోలు తగాదా కాదు. దాని వెనక మూడు నాలుగేళ్ల భయాలు పోగుపడి ఉన్నాయి.

సిరియా అంతర్యుద్ధంతో సరిహద్దు అంటుకుంది. టర్కీకి గగనతల రక్షణ కావాలి. అమెరికాను పేట్రియాట్ క్షిపణి వ్యవస్థలు అడిగింది, సాంకేతిక పరిజ్ఞానం ఇచ్చే విషయంలో బేరం కుదరలేదు. 2013లో చైనా వ్యవస్థను ఎంచుకుంది, ఒత్తిడితో 2015లో ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. అదే ఏడాది ఆగస్టులో, టర్కీ గడ్డపై పెట్టిన పేట్రియాట్ దళాలను వెనక్కి తీసుకుంటామని అమెరికా, జర్మనీ ప్రకటించాయి. నవంబరు 24న సిరియా సరిహద్దులో టర్కీ ఎఫ్-16లు ఒక రష్యన్ యుద్ధవిమానం ఎస్‌యూ-24ను కూల్చాయి. రష్యా నుంచి పర్యాటకుల విమానాలు ఆగిపోయాయి, టర్కీ టమాటాలను కూడా మాస్కో కొనడం మానేసింది. 2016 జూన్‌లో ఎర్డోగన్ విచారం తెలుపుతూ లేఖ రాశాక గానీ పరిస్థితి సర్దుకోలేదు.

మరుసటి నెల, జులై 15 రాత్రి, సైన్యంలో ఒక వర్గం తిరుగుబాటు చేసింది. అంకారా ఆకాశంలో సొంత దేశపు ఎఫ్-16లే తిరిగాయి. పార్లమెంటు భవనం మీద బాంబులు పడ్డాయి. ఆ రాత్రి 250 మందికి పైగా చనిపోయారు. పాశ్చాత్య రాజధానుల నుంచి మద్దతు ఆలస్యంగా, ఆచితూచి వచ్చిందని, పుతిన్ మాత్రం వెంటనే ఫోన్ చేశారని ఎర్డోగన్ వర్గం ఇప్పటికీ చెబుతుంది. తిరుగుబాటుదారులు కేంద్రంగా చేసుకున్నది అంకారా శివార్లలోని అకింజీ వైమానిక స్థావరం. తర్వాత దాని పేరును ముర్తెద్‌గా మార్చారు. 2019 జులై 12న రష్యా రవాణా విమానాలు ఎస్-400 తొలి భాగాలను దించింది సరిగ్గా ఆ స్థావరంలోనే. తన మీదకు విమానాలు లేచిన రన్‌వే మీదకే ఎర్డోగన్ రష్యా క్షిపణులను రప్పించుకున్నారు. ఆ ఎంపిక కాకతాళీయమా అన్నది పాఠకులే ఊహించుకోవచ్చు.

ధర సుమారు 250 కోట్ల డాలర్లు. అసలు ధర అంతకంటే చాలా ఎక్కువైంది. అయిదు రోజులకే అమెరికా టర్కీని ఎఫ్-35 యుద్ధవిమాన కార్యక్రమం నుంచి తప్పించింది. ఎస్-400 రాడార్లు ఎఫ్-35 గుట్టు పసిగట్టి రష్యాకు చేరవేస్తాయన్నది వాషింగ్టన్ వాదన. టర్కీ అప్పటికి ఆ కార్యక్రమంలో భాగస్వామి. 100 విమానాలు కొనాలనుకుంది, 140 కోట్ల డాలర్లు కట్టింది, దాని కంపెనీలు వందల విడిభాగాలు తయారు చేస్తున్నాయి. 2020 డిసెంబరులో రక్షణ పరిశ్రమల సంస్థపై ఆంక్షలు కూడా వచ్చాయి. ఇంత చేసి తెచ్చుకున్న ఎస్-400ను నాటో రాడార్ల వ్యవస్థతో కలపలేరు. రష్యాకు తిరిగివ్వలేరు, అమెరికా చెప్పినట్టు వదిలించుకోనూ లేరు. టర్కీ ఆడిన ఆటల్లో లెక్క తప్పినది ఇదే.

చవక డ్రోను, ఖరీదైన పలుకుబడి

ఎస్-400 నష్టాన్ని కొంతవరకు పూడ్చింది బైరక్తార్ టీబీ2 డ్రోను. రెక్కల నిడివి 12 మీటర్లు, మోయగలిగే బరువు 150 కిలోలు, ఒక్కసారి ఎగిరితే దాదాపు రోజంతా గాల్లో ఉంటుంది. అమెరికా రీపర్ డ్రోను ముందు నిలబెడితే ఆటబొమ్మలా ఉంటుంది. ధర కూడా అలాగే తక్కువ. దీన్ని తయారుచేసే బైకార్ సంస్థ సాంకేతిక సారథి సెల్చుక్ బైరక్తార్ ఎర్డోగన్ అల్లుడు. దేశ విధానం, వ్యాపారం, కుటుంబం ఒకే చోట ఇంతగా ముడిపడటం ఏ ప్రజాస్వామ్యానికీ మంచిది కాదు. కానీ యంత్రం పనిచేసింది.

2020 ఫిబ్రవరి 27న సిరియాలోని ఇద్‌లిబ్‌లో జరిగిన వైమానిక దాడిలో 30 మందికి పైగా టర్కీ సైనికులు చనిపోయారు. ఆ ఆకాశం రష్యా అదుపులో ఉంది. అంకారా మాత్రం రష్యా పేరెత్తకుండా సిరియా సైన్యాన్నే నిందించింది. ఆ తర్వాతి కొద్ది రోజుల్లో డ్రోన్లతో సిరియా ట్యాంకులను, ఫిరంగులను వరసగా పేల్చింది. మార్చి 5న ఎర్డోగన్ మాస్కో వెళ్లి పుతిన్‌తో కాల్పుల విరమణ కుదుర్చుకున్నారు. కొట్టాల్సినవాడిని వదిలేసి వాడి మనిషిని కొట్టడం, తర్వాత వాడితోనే రాజీకి కూర్చోవడం. రష్యాతో టర్కీ వ్యవహారమంతా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. లిబియాలో ఇద్దరూ చెరో పక్షాన నిలిచారు. అదే ఏడాది శరదృతువులో నగోర్నో-కరబాఖ్‌లో అజర్‌బైజాన్ 44 రోజుల్లో ఆర్మేనియాను ఓడించడంలో టీబీ2ల పాత్ర పెద్దది. ఆర్మేనియా అప్పటికి రష్యాకు ఒప్పందబద్ధమైన మిత్రదేశం. రష్యా తన పెరడు అనుకున్న చోట టర్కీ ఆయుధాలు గెలిచాయి.

కానీ ఆ డ్రోను కడుపులో ఏముందో కూడా చూడాలి. కెమెరా కెనడాది, ఇంజిన్ ఆస్ట్రియాలో తయారైన రోటాక్స్. కరబాఖ్ యుద్ధం నడుస్తుండగానే కెనడా కెమెరాల ఎగుమతి ఆపేసింది, 2021లో అనుమతులే రద్దు చేసింది. ఇంజిన్ల సరఫరాకూ అడ్డం పడింది. అసెల్సాన్ తన సొంత కెమెరాతో ఆ లోటు తీర్చుకుంది. 1975 నాటి పాఠం మళ్లీ వచ్చింది, ఈసారి జవాబు సిద్ధంగా ఉంది.

ఆ తర్వాత కొనేవాళ్లు వరుస కట్టారు. పోలండ్ 24 డ్రోన్లు కొంది, మొరాకో, ఇథియోపియా తెచ్చుకున్నాయి, సౌదీ అరేబియా 2023లో పెద్ద ఒప్పందమే చేసుకుంది. అమెరికా అమ్మాలంటే కాంగ్రెస్ అనుమతి, మానవహక్కుల ప్రశ్నలు, ఏళ్ల తరబడి నిరీక్షణ. టర్కీ దగ్గర ఆ తతంగం లేదు. అమ్మినవి ఎవరి మీద పడుతున్నాయన్న ప్రశ్న కూడా ఆ తతంగంతోనే మాయమైంది. ఇథియోపియా అంతర్యుద్ధంలో డ్రోన్లు పౌరుల ప్రాణాలు తీశాయన్న ఆరోపణలు వచ్చినప్పుడు అంకారాకు అది పెద్దగా పట్టలేదు. 2024లో టర్కీ రక్షణ ఎగుమతులు 700 కోట్ల డాలర్లు దాటాయి.

ఈ డ్రోన్ల సంగతి భారత్‌కూ తగిలింది. 2025 మే నెలలో పాకిస్తాన్ ప్రయోగించిన డ్రోన్ల శకలాలు టర్కీకి చెందిన సోంగర్ రకంవని ప్రాథమిక పరిశీలనలో తేలినట్టు భారత సైన్యం చెప్పింది. వారం తిరక్కముందే భారత విమానాశ్రయాల్లో పనిచేసే టర్కీ కంపెనీ చెలెబికి భద్రతా అనుమతి రద్దయింది. జూన్‌లో ప్రధాని మోదీ సైప్రస్ వెళ్లారు. ఆర్మేనియాకు భారత్ అప్పటికే పినాకా రాకెట్ వ్యవస్థలు అమ్మింది. శత్రువు పొరుగువాడిని మచ్చిక చేసుకోవడం టర్కీ ఒక్కదాని విద్య కాదు.

వీటోకు కట్టిన ధర

2022 మే 18న ఫిన్లాండ్, స్వీడన్ నాటోలో చేరతామని దరఖాస్తు చేశాయి. కొత్త సభ్యుణ్ని చేర్చుకోవాలంటే ఉన్నవాళ్లంతా ఒప్పుకోవాలి. టర్కీ ఒప్పుకోలేదు. పీకేకే కుర్దు తీవ్రవాదులకు ఆశ్రయమిస్తున్నారని, తనపై ఆయుధ ఆంక్షలు పెట్టారని అభ్యంతరాలు చెప్పింది. ఫిన్లాండ్‌కు 2023 ఏప్రిల్‌లో దారి దొరికింది. స్వీడన్‌ను మాత్రం 20 నెలలు గుమ్మంలో నిలబెట్టింది. ఈలోగా స్వీడన్ రాజ్యాంగాన్ని సవరించుకుని ఉగ్రవాద వ్యతిరేక చట్టాన్ని కఠినం చేసింది. ఆయుధ ఎగుమతుల మీద ఆంక్షలూ సడలించింది.

అసలు బేరం స్టాక్‌హోంతో కాదు. 2024 జనవరి 23న టర్కీ పార్లమెంటు స్వీడన్ సభ్యత్వాన్ని ఆమోదించింది. సరిగ్గా మూడు రోజులకు, జనవరి 26న, 40 కొత్త ఎఫ్-16ల అమ్మకానికి, ఉన్నవాటిలో 79 విమానాల ఆధునికీకరణకు అమెరికా విదేశాంగ శాఖ పచ్చజెండా ఊపింది. మొత్తం విలువ 2,300 కోట్ల డాలర్లు. రెండింటికీ సంబంధం లేదని ఇరువైపులా అధికారులు పైకి ఎంత చెప్పినా ఆ తేదీలు చూసినవాళ్లు నవ్వుకున్నారు. దీన్ని బ్లాక్‌మెయిల్ అన్నవాళ్లున్నారు. నాటో నియమాల్లో ఉన్న హక్కును వాడుకోవడమే కదా అన్నవాళ్లూ ఉన్నారు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది, కాకపోతే ఇలాంటి హక్కు వాడిన ప్రతిసారీ మిత్రుల నమ్మకంలోంచి కొంత ఖర్చవుతుంది.

ఇద్దరితోనూ మాట్లాడగలగడం

2022 జులై 22న ఇస్తాంబుల్ దోల్మాబాచే ప్యాలెస్‌లో నల్లసముద్ర ధాన్యం ఒప్పందం కుదిరింది. రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం చేయడానికి ఒప్పుకోలేదు. టర్కీ, ఐక్యరాజ్యసమితితో ఒక్కో దేశం విడివిడిగా సంతకం చేసింది. ఆగస్టు 1న ‘రజోని’ అనే ఓడ 26,000 టన్నుల మొక్కజొన్నతో ఒడెసా నుంచి బయల్దేరింది. మూడో రోజు ఇస్తాంబుల్ దగ్గర లంగరేసిన ఆ ఓడ మీదకు రష్యా, ఉక్రెయిన్, టర్కీ, ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు కలిసి ఎక్కారు. అటు ఒకరి నగరాల మీద ఒకరు కాల్పులు జరుపుకుంటున్న దేశాల మనుషులు ఇక్కడ ఒకే ఓడ మీద సరుకు లెక్క చూసుకున్నారు. 2023 జులైలో రష్యా తప్పుకునేదాకా ఆ దారిన దాదాపు 3.3 కోట్ల టన్నుల ధాన్యం, ఆహార సరుకులు వెళ్లాయి.

2024 ఆగస్టు 1న రష్యా, పాశ్చాత్య దేశాల మధ్య ఖైదీల భారీ మార్పిడి జరిగిందీ అంకారా విమానాశ్రయంలోనే. 2025లో రష్యా, ఉక్రెయిన్ ప్రతినిధులు మళ్లీ ముఖాముఖి కూర్చున్నదీ ఇస్తాంబుల్‌లోనే. ఆ చర్చల్లో శాంతి కుదరలేదు గానీ చెరో వెయ్యి మంది బందీలు ఇళ్లకు చేరారు. మధ్యవర్తికి ఒక సౌకర్యం ఉంది. ఫలితం వచ్చినా రాకపోయినా ఫొటోలో తాను ఉంటాడు.

ఈ మధ్యవర్తిత్వం వెనక దానగుణం కంటే అవసరం ఎక్కువ. టర్కీ వాడే సహజవాయువులో రష్యాదే అతి పెద్ద వాటా. మధ్యధరా తీరంలోని అక్కుయులో టర్కీ తొలి అణు విద్యుత్కేంద్రాన్ని రష్యా సంస్థ రోసాటమ్ కడుతోంది. నాలుగు రియాక్టర్లు, 4,800 మెగావాట్లు. కట్టేదీ నడిపేదీ రష్యాయే, యాజమాన్యమూ దానిదే. నాటో దేశం గడ్డపై రష్యా సొంత అణుకేంద్రం! ఆంక్షల్లో చేరకపోవడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

సిరియాలో గెలుపు, దాని వెనకే కొత్త తలనొప్పి

2024 డిసెంబరు 8న డమాస్కస్‌లో అసద్ పాలన కూలిపోయింది. పుష్కరకాలంగా తిరుగుబాటుదారుల వెనక నిలిచి, 36 లక్షల మందికి పైగా శరణార్థులను మోసిన టర్కీకి ఇది పెద్ద గెలుపు. నాలుగు రోజులకే టర్కీ గూఢచారి విభాగాధిపతి ఇబ్రహీం కాలిన్ డమాస్కస్ మసీదులో నమాజు చేస్తూ కనిపించారు. రష్యా, ఇరాన్ ఏళ్ల తరబడి పోసిన పెట్టుబడి రోజుల్లో ఆవిరైంది.

ఖాళీ అయిన చోట టర్కీకి ఎదురుపడింది ఇజ్రాయెల్. 2025 ఏప్రిల్ మొదట్లో సిరియాలోని టీ4 తదితర వైమానిక స్థావరాలపై ఇజ్రాయెల్ బాంబులేసింది. అక్కడ టర్కీ గగనతల రక్షణ వ్యవస్థలు పెట్టుకోవచ్చన్న వార్తల నేపథ్యంలో అది అంకారాకు పంపిన హెచ్చరికగానే అందరూ చూశారు. ఆ నెలలోనే పొరపాటున ఘర్షణ జరగకుండా చూసుకోవడానికి రెండు దేశాల అధికారులు బాకూలో సమావేశమయ్యారు. రెండూ అమెరికా మిత్రదేశాలే. పెద్దన్న చేయి పట్టు సడలిన చోట మిత్రుల మధ్యే సరిహద్దులు గీసుకోవాల్సి వస్తోంది.

ఎక్కడ ఆగుతుంది

ఇంత హడావుడి చేసే దేశానికి డబ్బు సంగతి మాత్రం బలహీనం. 2018లో ఒక అమెరికన్ పాస్టర్ నిర్బంధం విషయంలో ట్రంప్ ఉక్కు, అల్యూమినియం సుంకాలు రెట్టింపు చేసేసరికి టర్కీ కరెన్సీ లీరా కుప్పకూలింది. కొన్ని వారాలకు పాస్టర్ విడుదలయ్యారు. వడ్డీ పెంచితే ధరలు పెరుగుతాయన్న ఎర్డోగన్ తలకిందుల సిద్ధాంతం పుణ్యమా అని 2022 అక్టోబరులో అధికారిక లెక్కల ప్రకారమే ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. ఆ తర్వాత సిద్ధాంతాన్ని పక్కనపెట్టి 2024 మార్చి నాటికి వడ్డీ రేటును 50 శాతానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. 2025 మార్చి 19న ఇస్తాంబుల్ మేయర్, ప్రతిపక్షంలో ఎర్డోగన్‌కు ప్రధాన పోటీదారు అయిన ఎక్రెమ్ ఇమామోగ్లును నిర్బంధించిన రోజే లీరా మళ్లీ పడిపోయింది. దాన్ని నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు వేల కోట్ల డాలర్ల విదేశీ నిల్వలు కరిగించింది. బయటి దేశాలతో ఎంత చాకచక్యంగా బేరమాడినా, ఇంట్లో తీసుకున్న ఒక్క నిర్ణయం ఆ లాభాన్ని పూటలో తినేస్తోంది.

రెండో పరిమితి ఇంజిన్. టర్కీ సొంత యుద్ధవిమానం ‘కాన్’ 2024 ఫిబ్రవరి 21న తొలిసారి ఎగిరింది. దేశమంతా పండగ చేసుకుంది. దాన్ని ఎగిరించినవి అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన ఎఫ్110 ఇంజిన్లు. సొంత ఇంజిన్ సిద్ధమయ్యేదాకా కాన్ ఎన్ని తయారు కావాలో, ఎవరికి అమ్మాలో చెప్పడంలో వాషింగ్టన్‌కు కూడా ఒక మాట ఉంటుంది. ఈలోగా వాయుసేన వయసు మీద పడుతుండటంతో 2025 అక్టోబరులో బ్రిటన్‌తో 20 యూరోఫైటర్ టైఫూన్ల కోసం 800 కోట్ల పౌండ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఎఫ్-35 పోయాక ఏర్పడిన ఖాళీకి చెల్లిస్తున్న ధర అది.

ఇప్పుడు ఐరోపా వంతు. అమెరికా అండ మీద భరోసా తగ్గిన ఐరోపా సమాఖ్య ఆయుధాల కొనుగోలుకు 15,000 కోట్ల యూరోల రుణనిధిని 2025 మే నెలలో ఏర్పాటు చేసింది. ఫిరంగి గుండ్లు, డ్రోన్లు త్వరగా, చవకగా తయారుచేయగల దేశం పక్కనే ఉంది. బైకార్ ఇటలీలో పియాజ్జో విమాన సంస్థను కొనేసింది, అక్కడి రక్షణ సంస్థ లియోనార్డోతో ఉమ్మడి కంపెనీ పెట్టింది. నాటో 2026 శిఖరాగ్ర సదస్సుకు అంకారానే వేదికగా ఎంచుకున్నారు. కానీ ఆ నిధిలో టర్కీకి చోటు దక్కాలంటే సమాఖ్య సభ్యదేశాల్లో గ్రీసు, సైప్రస్ కూడా తల ఊపాలి. గ్రీసు తన ప్రాదేశిక జలాలను 12 మైళ్లకు పెంచితే అది యుద్ధానికి కారణమవుతుందని టర్కీ పార్లమెంటు 1995లో ఒక తీర్మానం చేసి ఉంచింది. అది వెనక్కి తీసుకునేదాకా ఒప్పుకునేది లేదని ఏథెన్స్ అంటోంది. స్వీడన్‌ను 20 నెలలు గుమ్మంలో నిలబెట్టినవాళ్లు ఈ మాటను తప్పుపట్టడం కాస్త కష్టమే.